కారు డోరులో ఏం కనిపిస్తోంది?

ప్రశ్న: అన్నా, మాది విజయవాడ, పటమట. వయసు 24. నాన్నగారి 2012 మోడల్ స్విఫ్ట్ ఇప్పుడు నేనే నడుపుతున్నాను. ముదురు నీలం రంగు. సెకండ్ హ్యాండ్‌లో ఒక డీఎస్ఎల్ఆర్, దాంతోపాటు వచ్చిన 18-55 లెన్స్ కొనుక్కుని ఏడాదిగా ఆదివారాలు కారు ఫొటోలు తీస్తున్నాను. కంటికి ఎంతో బాగున్న కారు ఫొటోలోకి వచ్చేసరికి మామూలుగా అయిపోతోంది. ఎడిటింగ్‌లో గంటలు గంటలు కూర్చున్నా ఆ మెరుపు రావడం లేదు. ఒకరు లెన్స్ మార్చమంటారు, ఇంకొకరు ప్రీసెట్లు, అంటే ఒక్క నొక్కుతో ఫొటో రంగులు మార్చే రెడీమేడ్ సెట్టింగులు, కొనుక్కోమంటారు. కరకట్ట మీద, పున్నమి ఘాట్ దగ్గర, కనకదుర్గ ఫ్లైఓవర్ మీద తీసిన మూడు ఫొటోలు పంపుతున్నాను. తప్పెక్కడుందో చెప్పండి. పేరు వేయొద్దు.

జవాబు: తమ్ముడూ, లెన్స్ కొనకు. ప్రీసెట్లు అసలే కొనకు. నీ మూడు ఫొటోలూ కంప్యూటర్‌లో పెద్దవి చేసుకుని రెండు రోజులు చూశాను. కారంటే నీకెంత ఇష్టమో అందులో తెలుస్తోంది. టైర్ల పక్కలు కూడా తుడిచి తీశావు. ఆ శ్రద్ధ ఉన్నవాడికి మిగతావి చెప్పడం తేలిక. ముందు ఒక పని చెయ్యి. కరకట్ట మీద తీసిన ఫొటో తెరిచి, ముందు డోరు ఒక్కటే స్క్రీన్ నిండా వచ్చేలా జూమ్ చెయ్యి. ఏం కనిపిస్తోంది?

నాకైతే నువ్వు కనిపిస్తున్నావు. తెల్ల టీషర్టు, ఎడంగా పెట్టిన రెండు కాళ్లు, ముఖానికి అడ్డంగా కెమెరా. నీ వెనక కొబ్బరిబోండాల బండి, దాని మీద కప్పిన పట్టా, ఆ పక్కనే స్టాండు వేసిన స్కూటర్. అవన్నీ డోరు వంపుకి సాగిపోయి, ముక్కలు ముక్కలుగా కారు మీద పడ్డాయి. పున్నమి ఘాట్ ఫొటోలో ఎదురుగా వరసగా పెట్టిన బైకులు రెండు డోర్ల మీదా ఉన్నాయి. ఫ్లైఓవర్ ఫొటోలో వచ్చే పోయే బండ్ల లైట్లు. నువ్వు తీసేటప్పుడు కారునే చూశావు కాబట్టి ఇవి కంటికి ఆనలేదు. ఫొటో చూసేవాళ్లకు కూడా విడిగా ఆనవు. కాకపోతే కారు ఎందుకో మాసినట్టు, సొట్టలు పడ్డట్టు అనిపిస్తుంది. నువ్వు ‘మామూలుగా అయిపోతోంది’ అన్నది దీన్నే.

ఆటోనగర్‌లో టింకరింగ్ షెడ్డు ముందు ఎప్పుడైనా పావుగంట నిలబడ్డావా? ఈసారి నిలబడు. సొట్ట తీసిన మేస్త్రి పని పూర్తయిందో లేదో చూడటానికి డోరుకి ఎదురుగా నిలబడడు. డోరు చివర గొంతుక్కూర్చుని, ఒక కన్ను మూసి, రేకు వెంబడి చూస్తాడు. షెడ్డు పైనున్న ట్యూబ్‌లైటు డోరు మీద సన్నటి తెల్ల గీతలా పడుతుంది. ఆయన చూసేది ఆ గీతనే. తల కాస్త కాస్త కదుపుతూ దాన్ని డోరు మీద పైనుంచి కిందకు నడిపిస్తాడు. గీత ఎక్కడ వంకర పోయిందో అక్కడ సొట్ట ఇంకా ఉన్నట్టు. అక్కడ అరచేత్తో తడిమి, గుర్తు పెట్టి, మళ్లీ సుత్తి అందుకుంటాడు. కారు ఫొటో తీసేవాడికి కావాల్సింది ఆ చూపు. మిగతా కంపోజిషన్ అంతా దాని తర్వాతే.

ఎందుకంటే, నూలు చీరనో గోడనో ఫొటో తీస్తే దాని మీద పడిన వెలుగు చెదిరి అన్ని వైపులకూ పోతుంది. ఎక్కణ్నుంచి చూసినా అదే రంగు. కారు రంగు మీద క్లియర్ కోట్ అనే పారదర్శకమైన పూత ఉంటుంది, అది సగం అద్దం. ఎదురుగా ఉన్నదాన్ని చూపిస్తుంది. నీది ముదురు రంగు కాబట్టి లోపలి నుంచి వచ్చే రంగు తక్కువ, పైన పడే ప్రతిబింబం బాగా కనిపిస్తుంది. మన రోడ్ల మీద ఎక్కడ చూసినా తెల్ల కార్లే కదా, వాటి మీద కూడా ప్రతిబింబం పడుతుంది, తెలుపులో కలిసిపోయి బయటపడదు. అందుకే నీ స్నేహితుల తెల్ల కార్లు ఎలా తీసినా ఓ మాదిరిగా వస్తాయి, నీ నీలం కారు రాదు. అదే నీలం కారు సరిగ్గా వచ్చిన రోజున తెల్ల కారు దాని పక్కన నిలవలేదు.

నీ కారు డోరు మీద హ్యాండిల్ దగ్గర ముందు నుంచి వెనక్కి పోయే మడత ఉంటుంది. దాని పైభాగం కాస్త ఆకాశం వైపు తిరిగి ఉంటుంది. డోరు అడుగు భాగం నేల వైపు తిరిగి ఉంటుంది. కాబట్టి పైన ఆకాశం పడుతుంది, కింద రోడ్డు పడుతుంది, ఈ రెంటి మధ్య పట్టీలో నీ వెనకున్న లోకమంతా పడుతుంది. ఆ పట్టీ శుభ్రంగా ఉంటే మడత ఒకే గీతగా హెడ్‌లైటు నుంచి టెయిల్ లైటు దాకా సాగుతుంది. అప్పుడే కారుకి ఆకారం వస్తుంది.

ఇది నాకు తేలిగ్గా అబ్బలేదు. చాలా ఏళ్ల కిందట ఒక స్నేహితుడు నల్ల కారు కొన్నప్పుడు పూజ అయిన వెంటనే ఫొటో తీసిచ్చాను. ఆయన దాన్ని పెద్దగా ప్రింట్ వేయించి హాల్లో పెట్టుకున్నాడు. పసుపు చొక్కాలో నేను, నా ట్రైపాడ్, నా వెనక అపార్ట్‌మెంట్ గేటు, అన్నీ వెనక డోరు మీద ఉన్నాయి. చిన్న స్క్రీన్ మీద చూసినప్పుడు ఒక్కటీ పట్టుకోలేకపోయాను. వాళ్లింటికి వెళ్లినప్పుడల్లా నా కళ్లు ముందు ఆ డోరు మీదకే పోతాయి. ఆ రోజు నుంచి నల్ల చొక్కా లేకుండా కారు ఫొటోకి బయల్దేరలేదు. నువ్వూ ముదురు రంగు బట్టలు వేసుకెళ్లు.

ఇప్పుడు చోటు సంగతి. ఇన్నాళ్లూ కారు వెనక ఏముంటే బాగుంటుందా అని వెతికావు. ఇకనుంచి నీ వెనక ఏముందో ముందు చూడు. పున్నమి ఘాట్ దగ్గర నదిని కారు వెనక పెట్టావు, బైకులను నీ వెనక పెట్టుకున్నావు. సాయంత్రం సూర్యుడు భవానీ ద్వీపం వైపు దిగిపోయాక, నువ్వు నదికి వీపు పెట్టి నిలబడి కారును చూడు. పడమటి ఆకాశమంతా ఒక పెద్ద లైటులా డోర్ల మీద పరుచుకుంటుంది. అలా తిప్పితే కారు వెనక భవనాలు వస్తాయి, నిజమే. దూరంగా జరిగి, జూమ్ చేసి, వాటిని చీకట్లోకి వదిలెయ్యొచ్చు. రెండు పక్కలా తెరిపి కావాలంటే నదికి అవతలి ఒడ్డున కరకట్ట రోడ్డుంది, అమరావతి వైపు పోయే వెడల్పాటి రోడ్లున్నాయి. ఆటోనగర్‌లో షట్టర్లు తెరవకముందు పొద్దున్నే వెళ్తే పొడవాటి గోడలు దొరుకుతాయి. బొమ్మలూ పోస్టర్లూ లేని గోడ నీ వెనక ఉంటే డోరు మీద ఒకే రంగు పట్టీ పడుతుంది. నీ కారు వెనక ఉంటే ఫొటో నిండా ప్రశాంతంగా ఉంటుంది.

ఫిబ్రవరి, మార్చి నెలల్లో గుంటూరు చుట్టుపక్కల మిరప కళ్లాలు చూసే ఉంటావు. రైతును అడిగి, కాయల మీదకు పోకుండా, అంచున కారు ఆపుకో. నీలం కారు వెనక ఎరుపు బాగుంటుందని ఎవరైనా చెప్తారు. నేను చెప్పేది డోరు అడుగు భాగం చూడమని. నేల మీది ఎరుపు అక్కడికి ఎక్కుతుంది. నీలం మీద సన్నగా ఎర్రటి జీర, పైన తెల్లటి ఆకాశం. ఈ రంగు ఏ ప్రీసెట్‌లోనూ రాదు.

వెలుగు గురించి అందరూ చెప్పేదే కాబట్టి క్లుప్తంగా చెప్తాను. నీ కరకట్ట ఫొటో పదకొండింటికి తీసింది. ఆ ఎండలో బానెట్ మీద ఒకటే తెల్లటి మచ్చ, బంపర్ కింద కటిక చీకటి. డిసెంబరులో మనకు ఆరున్నర ప్రాంతంలో తెల్లారుతుంది, మే చివర్లో ఐదున్నరకే. ఆ గంట నీది. సాయంత్రమైతే సూర్యుడు కుంకిన తర్వాత పావుగంట నుంచి అరగంట దాకా. అందరూ కెమెరా సర్దేసుకుని వెళ్లిపోయే ఆ వేళే ముదురు రంగు కారుకు అన్నిటికంటే మంచిది. ట్రైపాడ్ మాత్రం ఉండాలి.

లెన్స్ విషయం. నువ్వు 18 దగ్గర, అంటే అన్నిటికంటే వెడల్పుగా కనిపించే చోట పెట్టి, పది పన్నెండు అడుగుల దూరం నుంచి తీస్తున్నావు. దగ్గరున్న ముందు బంపర్ ఉబ్బిపోయి, వెనక భాగం కుంచించుకుపోయింది. స్విఫ్ట్‌ది అసలే పొట్టి ఆకారం, ఇంకా పొట్టిగా కనిపిస్తోంది. లెన్స్‌ను పూర్తిగా జూమ్ చేసి 55 దగ్గర పెట్టి, ముప్పై నలభై అడుగులు వెనక్కి నడువు. కారు కొలతలు వాటి చోటుకి వచ్చేస్తాయి, వెనకున్న కొండ కూడా దగ్గరగా వచ్చి పెద్దదవుతుంది. ఫోన్‌తో తీసేవాళ్లకూ ఇదే మాట, వన్ ఎక్స్ వదిలేసి టూ ఎక్స్, త్రీ ఎక్స్ పెట్టుకుని వెనక్కి జరగాలి. వేసవి మధ్యాహ్నం మాత్రం ఇలా దూరం నుంచి తీయకు. తారు రోడ్డు మీద లేచే వేడి గాలికి కారు అడుగంతా నీళ్లలో ఉన్నట్టు అలలు అలలుగా వస్తుంది.

నిలబడి తీయడం మానెయ్యి. మోకాలు నేల మీద ఆనించి, కెమెరా హెడ్‌లైటు ఎత్తుకు తెచ్చుకో. మనిషి ఎత్తు నుంచి కారును మనం రోజూ చూస్తూనే ఉన్నాం, అందుకే పార్కింగ్‌లో తీసినట్టు ఉంటుంది. ముందు భాగం, పక్క భాగం రెండూ కనిపించేలా మూల నుంచి తీసేటప్పుడు, స్టీరింగ్‌ను నీకు దూరంగా తిప్పు. కారు ఎడమ మూల దగ్గర నువ్వుంటే స్టీరింగ్ కుడికి. అప్పుడు వీల్ ముఖం నీ వైపు తిరుగుతుంది. నువ్వు రెండు ఫొటోల్లో ఎదురు తిప్పావు, టైరు మీది గాట్లు తప్ప వీల్ కనిపించడం లేదు.

పున్నమి ఘాట్ ఫొటోలో కారు టాప్ మీద నుంచి దీపస్తంభం మొలిచింది. నువ్వు ఒక్క అడుగు ఎడమకు వేసి ఉంటే అది కారు వెనక్కి పోయేది కాదు, పక్కకి వచ్చేది. దాన్ని ఎడిటింగ్‌లో తీసేయడానికి ఎంతసేపు పట్టిందో గానీ, ఆకాశంలో దాని మరక ఇంకా ఉంది. నిలువు గీతల కంటే అడ్డగీతలు ఎక్కువ మోసం చేస్తాయి. 1957 నాటి మన ప్రకాశం బ్యారేజీని సీతానగరం వైపు నుంచి చూస్తే, కిలోమీటరు పైగా పొడవున్న గీత ఫ్రేమ్‌లో ఈ చివర నుంచి ఆ చివర దాకా పోతుంది. ఆ గీత కారు అద్దాల మధ్య నుంచి పోయిందంటే కారు మెడ కోసినట్టుంటుంది. కెమెరాను జానెడు కిందకు దించితే గీత డోరు వెనక దాక్కుంటుంది, టాప్ అంచు ఆకాశం మీద తేటగా నిలుస్తుంది. జానెడే. ఒకే చోట కూర్చుని కెమెరాను కొద్దికొద్దిగా ఎత్తుతూ దించుతూ పది ఫొటోలు తీసి చూసుకో.

ఏదైనా కొని తీరాలనుంటే లెన్స్ ముందు బిగించే సర్క్యులర్ పోలరైజర్ ఫిల్టర్ కొను. నీ లెన్స్ ముందు అంచు మీద అడ్డగీత ఉన్న సున్నా గుర్తు పక్కన ఒక అంకె ఉంటుంది, ఆ సైజే తీసుకోవాలి. దాన్ని తిప్పుతుంటే డోరు మీది ప్రతిబింబాలు పలచబడటం, అద్దంలోంచి సీట్లు బయటపడటం కంటితోనే చూస్తావు. అన్ని వైపుల ప్రతిబింబాలనూ ఒకేసారి తీసెయ్యడం దానివల్ల కాదు. బానెట్ శుభ్రపడితే డోరు మిగిలిపోతుంది. అందుకని కెమెరాను ట్రైపాడ్ మీద కదలకుండా పెట్టి, ఎక్స్‌పోజర్ మార్చకుండా, ఫిల్టర్ తిప్పుతూ రెండు మూడు ఫొటోలు తీసి, తర్వాత ఒకదాంట్లోంచి బానెట్, ఒకదాంట్లోంచి డోరు తీసుకుని కలుపుకోవచ్చు. ప్రతిబింబం మొత్తం చంపెయ్యకు, కారు రబ్బరు బొమ్మలా అయిపోతుంది. వెనక అద్దం మీద చుక్కలు చుక్కలుగా మచ్చలు వస్తే ఫిల్టర్ పాడైందనుకోకు. వేడి చేసి గట్టిపరిచిన అద్దంలో ఆ మచ్చలు ఉంటాయి, ఫిల్టర్ వాటిని బయటపెడుతుంది.

ఫ్లైఓవర్ ఫొటో గురించి కోపంగానే చెప్తాను, ఏమీ అనుకోకు. కనకదుర్గ ఫ్లైఓవర్ మీద రాత్రిపూట కారు ఆపి, దిగి, రోడ్డు మీద కూర్చుని తీశావు. వెనక నుంచి వచ్చే లారీ డ్రైవరుకి నువ్వు కనిపించవు. వంతెనల మీద, బ్యారేజీ మీద, హైవే అంచున కారు ఆపొద్దు. కదిలే కారు కిటికీలోంచి సగం బయటకు వాలి తీసే ఫొటోలూ వద్దు. రోడ్డు కదిలిపోతున్నట్టు కావాలంటే ఖాళీ సందు చూసుకుని, నువ్వు ఒక పక్కన నిలబడి, స్నేహితుణ్ని ముప్పై నలభై వేగంతో పోనివ్వమని, షట్టర్ 1/60 సెకనుకు పెట్టి, కారుతో పాటు నడుము తిప్పుతూ తియ్యి. ముప్పై తీస్తే రెండు నిలుస్తాయి. చాలు.

ఇక ఎడిటింగ్. నీ కష్టమంతా ఇక్కడే పోతోంది, కానీ నువ్వు సరిచేయాలనుకుంటున్నది ఇక్కడ సరయ్యేది కాదు. డోరు మీద పడ్డ కొబ్బరిబోండాల బండిని ఏ స్లైడరూ తీసెయ్యదు. నీ ఫ్లైఓవర్ ఫొటోలో నీడల్ని వెలిగించే షాడోస్ చివరిదాకా లాగావు, క్లారిటీ చివరిదాకా పెంచావు. టైర్లు బూడిద రంగుకి తిరిగాయి, వీల్ వెనక చీకటిలో ఉండాల్సిన మట్టి బయటపడింది, టాప్ చుట్టూ తెల్లటి వెలుగు వలయం వచ్చింది. కారు కింద నల్లగా ఉండాలి, తమ్ముడూ. ఆ నలుపు ఉంటేనే కారు నేల మీద బరువుగా కూర్చున్నట్టుంటుంది. నువ్వు దాన్ని తీసేశావు కాబట్టి కారు గాల్లో తేలుతోంది.

ముందు కెమెరాలో రా ఫార్మాట్ ఆన్ చెయ్యి, అంటే కెమెరా పట్టుకున్నదంతా కుదించకుండా దాచే ఫైలు. కంప్యూటర్ లేకపోయినా ఆ ఫైళ్లలో చాలావాటిని ఫోన్‌లో లైట్‌రూమ్ మొబైల్ యాప్‌లో తెరవొచ్చు. తెరవగానే రంగుల జోలికి పోకు. ఫొటో వాలి ఉంటే నిటారు చెయ్యి, తర్వాత క్రాప్ చెయ్యి. కారు ముఖం ఎటుందో అటు కొంచెం ఎక్కువ ఖాళీ వదులు. నేల మీద కాగితం ముక్కలు, రంగు మీద దుమ్ము చుక్కలు, బానెట్ మీద పిట్ట రెట్ట లాంటివి మచ్చలు చెరిపే హీలింగ్ టూల్‌తో తీసెయ్యి. వాటర్ వాష్ చేయించుకుని పోయినా ఘాట్ దాకా వచ్చేసరికి దుమ్ము పడుతుంది, కాబట్టి ఒక మెత్తటి గుడ్డ డిక్కీలో ఉంచుకో. అక్కడ రెండు నిమిషాలు తుడిస్తే ఇక్కడ అరగంట మిగులుతుంది.

ఆ తర్వాత వైట్ బ్యాలెన్స్, అంటే ఫొటో రంగులు అసలు రంగుల్లా ఉండేలా సరిచేయడం. దీనికి కారు రంగునే కొలతగా పెట్టుకో. నీ కారు పక్కన కూర్చుని ఎడిట్ చేస్తే ఇంకా మంచిది. నువ్వు పంపిన మూడు ఫొటోల్లో కారు మూడు నీలాలుగా ఉంది, ఒకదాంట్లో ఆకుపచ్చకు కూడా తిరిగింది. అందరూ చేస్తున్నారని నారింజ రంగు, నెమలికంఠం రంగు కలిపి పోశావు. మీ నాన్నగారు ఆ ఫొటో చూస్తే ఇది మన బండేనా అంటారు. హైలైట్స్ అంటే బాగా వెలుగున్న చోట్లు, వాటిని కాస్త తగ్గించు, కాంట్రాస్ట్ కాస్త పెంచు, శాచురేషన్ ముట్టుకోకు.

ఇక మిగిలింది నాకు ఇష్టమైన పని. మడత మీద వెలుగు గీత ఉంటుంది కదా, సన్నటి బ్రష్ తీసుకుని ఆ గీత వెంబడే, హెడ్‌లైటు నుంచి వెనక దాకా, చాలా కొద్దిగా వెలుగు పెంచు. గీత కింద నీడ పడ్డ భాగాన్ని అంతే కొద్దిగా తగ్గించు. చేసినట్టు తెలియకూడదు. ముందూ వెనకా పక్కపక్కన పెట్టి చూస్తే తప్ప తేడా పట్టుకోలేనంత. టింకరింగ్ మేస్త్రి ట్యూబ్‌లైటుతో వెతికే గీత ఇదే, నువ్వు దానికి మెరుగు పెడుతున్నావు. పది నిమిషాల కంటే ఎక్కువ పట్టిందంటే ఫొటో తీసేటప్పుడే ఏదో తప్పిందని అర్థం, మళ్లీ వెళ్లి తీయడం మేలు. రాత్రి ఎడిట్ చేసింది రాత్రే నలుగురికీ పెట్టకు. పొద్దున్నే ఫోన్ వెలుతురు సగానికి తగ్గించి ఒకసారి చూడు, అతి చేసిన చోట్లన్నీ బయటపడతాయి. నంబర్ ప్లేటు ఎడిటింగ్‌లో మసక చెయ్యి. రోడ్డు మీద మాత్రం ప్లేటు కప్పి బండి నడపకు. వాట్సాప్‌లో పంపేటప్పుడు డాక్యుమెంట్‌గా పంపితే నాణ్యత పోదు.

వచ్చే ఆదివారం కొత్త చోటు వెతకకు. మీ ఇంటి దగ్గరే, రాత్రి, వీధిలైటు పడని ఖాళీ స్థలంలో కారు పెట్టు. ట్రైపాడ్ మీద కెమెరా, ఐఎస్ఓ 100, ఎపర్చర్ ఎఫ్ 8, షట్టర్ 20 సెకన్లు. షట్టర్ నొక్కి, ఛార్జింగ్ ఎల్ఈడీ ట్యూబ్‌లైటు ఒకటి అడ్డంగా, టాప్‌కి కాస్త పైన పట్టుకుని, కారుకి అవతలి పక్కన, ముందు నుంచి వెనక దాకా ఒకే వేగంతో నడువు. లైటు కెమెరా వైపు తిరగకుండా, కారు మీదకు వంచి పట్టుకో. నల్ల చొక్కా మర్చిపోకు. నువ్వు కదులుతూనే ఉంటావు కాబట్టి ఫొటోలో పడవు, నీ లైటు మాత్రం టాప్ మీద, బానెట్ మీద సాగి గీతగా మిగులుతుంది. చీకటి మిగిలితే షట్టర్ 30కి పెంచి నెమ్మదిగా నడువు, తెల్లబడిపోతే వేగంగా నడువు. నాలుగైదు సార్లకు కుదురుతుంది. ఎడిట్ చేయకుండా ఒకటి, చేసి ఒకటి పంపించు. డోరు జూమ్ చేసి చూస్తాను.